కోటిపల్లి రేవు దాటని రైలు

అమలాపురం: రెండు పక్కల గోదావరి పాయలు, మూడో పక్క బంగాళాఖాతం. నడుమ కోనసీమ. ఈ గడ్డ మీద పుట్టినవాడు రైలెక్కాలంటే ముందు ఏరు దాటాలి. అమలాపురంవారు రావులపాలెం మీదుగా రాజమండ్రికో, ఎదుర్లంక వారధి మీదుగా కాకినాడకో పోవాలి. రాజోలు, మలికిపురంవారు చించినాడ వంతెన దాటి పాలకొల్లుకో, నరసాపురానికో చేరాలి. కొత్తపేటవారికి జాతీయ రహదారి చేరువ గనుక రాజమండ్రి కొంత దగ్గర. ఎటు పోయినా ముందు బస్సో, కారో ఎక్కి, వంతెన దాటి, ఆ తర్వాతే ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టాలి. తెల్లవారుజామున రైలుంటే అర్ధరాత్రే ఇంట్లో దీపం వెలగాలి.

అయితే రైలు కోనసీమ వైపు ఎన్నడూ రాలేదనడం సరికాదు. ఒడ్డు దాకా వచ్చి, చూసి పోయింది. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. మొదట 1928లో వచ్చింది. మళ్ళీ 2004లో వచ్చింది. రెండుసార్లూ గౌతమి అవతలి గట్టున, కోటిపల్లి రేవు దగ్గరే ఆగింది. మొదటిసారి వచ్చినదాన్ని యుద్ధం ఎత్తుకుపోయింది. రెండోసారి వచ్చినదాన్ని కరోనా ఆపిందని అందరూ అంటారు. అది సగం నిజం మాత్రమే. మిగతా సగం తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

పడవలా? పట్టాలా?

కోనసీమకు అన్నం పెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరకు రైళ్ళంటే పడదు. ఈ దేశానికి కావలసింది నీరు, నీటి మీద నడిచే చౌక రవాణా అని ఆయన జీవితాంతం వాదించాడు. ఇనుప పట్టాల మీద పోసే డబ్బును కాలువల మీద పోస్తే పంటా పండుతుంది, పడవా నడుస్తుందన్నది ఆయన లెక్క. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్ళి కూడా ఇదే వాదన వినిపించాడు. కమిటీవారు ఒప్పుకోలేదనుకోండి, అది వేరే కథ.

కాటన్ వాదనకు నిలువెత్తు రుజువు కోనసీమే. మధ్య డెల్టా ప్రధాన కాలువ బొబ్బర్లంకలో బయలుదేరి, లొల్ల లాకుల దగ్గర చీలి, తాలూకా తాలూకాకూ నీరందించింది. వైనతేయ మీదుగా కాలువనే వంతెన ఎక్కించి నగరం దీవికి నీరు చేర్చిన గన్నవరం అక్విడక్టు 1850 దశకం నాటిది. ఆ కాలువల్లోనే ధాన్యం, కొబ్బరి, మనుషులు, పెళ్ళివారు ప్రయాణం చేశారు. గట్టున మనిషి తాడు పట్టి లాగుతుంటే నీళ్ళలో పడవ కదిలేది. లాకు దగ్గర నీరు నిండేదాకా ఆగడం, ఆ సందులో వంట ముగించుకోవడం పెద్దవాళ్ళు చెప్పుకునే ముచ్చట్లు.

ఇంత చక్కని నీటి దారులుండగా రైలెందుకని ఆనాటి ప్రభుత్వం అనుకున్నా తప్పుపట్టలేం. 1893, 1896 మధ్య కటకం నుంచి విజయవాడ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పరిచినప్పుడు పట్టాలు డెల్టా పైఅంచునే పట్టుకుని సామర్లకోట, రాజమండ్రి మీదుగా పోయాయి. రాజమండ్రి దగ్గర గోదావరికి వంతెన 1900లో సిద్ధమైంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా విశాఖపట్నం, విజయవాడ మధ్య ప్రధాన మార్గంలో నడిచే రైళ్ళన్నీ రాజమండ్రి, కొవ్వూరుల నడుమనే గోదావరి దాటుతున్నాయి. దిగువన ముఖద్వారం దాకా నది మీద మరో రైలు వంతెన లేదు.

కంపెనీ లెక్కలు

ఇప్పుడు రైలంటే ప్రభుత్వమే గుర్తుకొస్తుంది గాని, ఆనాడు రైలు నడిపింది కంపెనీలు. ఈస్ట్ కోస్ట్ మార్గంలో వాల్తేరు, విజయవాడల మధ్య భాగం 1901లో మద్రాసు రైల్వే కంపెనీ చేతికి వచ్చింది. 1908లో ఆ కంపెనీ సదరన్ మరాఠా కంపెనీతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. ఎం.ఎస్.ఎం. రైల్వే అని మన తాతలు పిలుచుకున్నది దీన్నే. ఆస్తి సర్కారుది, నడపడం కంపెనీది, వాటాదారులు లండన్‌లో. శాఖా మార్గం వేయాలంటే పైరెంత, సరుకెంత, రేవెక్కడ అని చూసేవారు. ప్రజలకు అవసరమా అన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చేది, వస్తే.

కాకినాడ నుంచి కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైను 1928లో పడింది. కోటిపల్లిలో సోమేశ్వరుడున్నాడు, సరే. దేవుడితో పాటు రేవు కూడా వుంది. ముక్తేశ్వరం నుంచి గౌతమి దాటి వచ్చే కోనసీమ జనాన్ని, సరుకును ఒడ్డున అందుకుని కాకినాడ ఓడరేవుకు చేర్చవచ్చు. వంతెన ఖర్చు లేకుండా కోనసీమ రాబడి దక్కించుకునే ఉపాయమిది. పడవవాడు చేసిన పనికి రైలు ఛార్జీ వసూలు చేయడమన్నమాట.

ఆ ఉపాయానికి ఆయుష్షు చాలలేదు. 1930లలో ఒక పక్క ఆర్థిక మాంద్యం, మరో పక్క మోటారు బస్సులు. బస్సు ఇంటి ముందు ఆగుతుంది, చెయ్యెత్తితే నిలుస్తుంది. రైలు తన స్టేషన్‌కు మనల్నే రమ్మంటుంది. బస్సుల పోటీ వల్ల రైళ్ళ రాబడి పడిపోతోందని దేశమంతటా గోల పుట్టి, 1933లో మిచెల్, కర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు ఆ విషయమై నివేదిక కూడా సమర్పించారు. రెండో ప్రపంచయుద్ధం రాగానే ఇనుముకు కరువొచ్చింది. రాబడి తక్కువని లెక్క తేలిన పలు శాఖా మార్గాలను దేశంలో అక్కడక్కడా పీకేశారు. 1940లో కోటిపల్లి లైనుకూ అదే గతి పట్టింది. పట్టుమని 12 ఏళ్ళు నడిచిన రైలు పట్టాలతో సహా మాయమైంది. మట్టికట్ట మాత్రం మిగిలింది. 1944లో కంపెనీ పాలన ముగిసి రైల్వే సర్కారు పరమైంది. అప్పటికే ఇక్కడ అప్పగించడానికి పట్టాల్లేవు.

అదే కాలంలో ఇంకో తెలుగు సీమలో ఏం జరిగిందో చెప్పుకోవాలి. నిజాం రాష్ట్రంలో రైల్వేను 1930లో కంపెనీ నుంచి నిజాం ప్రభుత్వం కొనేసింది. బస్సు పోటీ అక్కడా వుంది. దాన్ని చూసి వాళ్ళు బెంబేలు పడలేదు. 1932లో 27 బస్సులు కొని రైల్వే శాఖే బస్సులు నడిపింది. ఒకే సంస్థ చేతిలో రైలూ, బస్సూ. రైలు పోని ఊరికి బస్సు పోతుంది, బస్సు తెచ్చిన జనం రైలెక్కుతారు. 1958లో ఏర్పడిన మన రోడ్డు రవాణా సంస్థకు మూలం ఆ 27 బస్సులే. కాకినాడ, కోటిపల్లి మధ్య బస్సు రైలును మింగితే, హైదరాబాదులో రైలే బస్సును కన్నది. తేడా జనంలో లేదు. నడిపినవాడి ఆలోచనలో వుంది.

64 ఏళ్ళ ఎదురుచూపు

స్వరాజ్యం వచ్చింది, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే కూడా వచ్చింది. కోటిపల్లి లైను రాలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా రైలు వచ్చినంత పనయ్యేది. ఈలోగా కోనసీమ తన అవసరాలు తానే చూసుకుంది. రావులపాలెం, సిద్ధాంతం వంతెనలతో జాతీయ రహదారి దగ్గరైంది. తర్వాత యానాం, ఎదుర్లంక మధ్య, బోడసకుర్రు, పాశర్లపూడి మధ్య, చించినాడ దగ్గర రోడ్డు వంతెనలు పడ్డాయి. నేల లోపల చమురు, సహజవాయువు బయటపడ్డాయి. తాటిపాక దగ్గర శుద్ధి కర్మాగారం వచ్చింది. గ్యాసు గొట్టాల్లో పోయింది, కొబ్బరి లారీల్లో పోయింది, మనుషులు బస్సుల్లో పోయారు. రైలు లేదన్న బెంగ మాత్రం పోలేదు.

ఆ బెంగను ఢిల్లీలో వినిపించే అదను అమలాపురం పార్లమెంటు సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ కావడంతో చిక్కింది. కాకినాడ, కోటిపల్లి లైను పునరుద్ధరణ పనులు ఊపందుకున్నాయి. అక్కడితో ఆగకుండా గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడు పాయలనూ దాటి కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2000-01 రైల్వే బడ్జెట్‌లో చోటు దక్కింది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో బాలయోగి మరణించారు. రెండేళ్ళ తర్వాత, 2004లో, కోటిపల్లికి మళ్ళీ రైలు వచ్చింది. ఆయన చూడలేదు. ఎదుర్లంక వారధికి ఆయన పేరు పెట్టుకున్నారు.

64 ఏళ్ళ తర్వాత వచ్చిన రైలును చూడడానికి జనం గట్ల మీద నిలబడ్డారంటే ఆశ్చర్యం లేదు. వచ్చింది మాత్రం రైలంత రైలు కాదు.

ఒంటిపెట్టె బండి

దాని పేరు రైలు బస్సు. పేరుకు తగ్గట్టే బస్సుకెక్కువ, రైలుకు తక్కువ. ఒకే పెట్టె. లాగడానికి వేరే ఇంజను వుండదు, పెట్టె అడుగునే డీజిల్ యంత్రం. ప్రయాణికులు తక్కువగా వుండే చోట పెద్ద ఇంజను, పది పెట్టెలు తిప్పి నష్టపోకుండా రైల్వేలు కనిపెట్టిన చవక మార్గం ఇది. ఉత్తరాన మధుర, బృందావనం మధ్య కూడా ఇలాంటిదే తిరిగింది. పొలాల మధ్య నుంచి, కొబ్బరిచెట్ల నీడన అది తీరుబడిగా పోతుంటే చూడముచ్చటగానే వుండేది. పిల్లలకు వేడుక, ఫోటోలు తీసేవారికి పండగ.

ఊళ్ళవారికి కావలసింది వేడుక కాదు. ఒక సంగతి ఆలోచించండి. కోటిపల్లి దగ్గరి ఊరి నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి పోవలసిన మనిషి వున్నాడు. రైలు బస్సు ట్రిప్పులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పొద్దున్న ఒక బండి తప్పితే ఆ పూట అంతే. అటు ఆర్టీసీ బస్సు ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. రైలు టిక్కెట్టు చవకే. కాని డాక్టరు చూసేదాకా ఆగి, మందులు కొనుక్కుని బయటపడేసరికి తిరుగు బండి వుంటుందన్న నమ్మకం లేకపోతే, వెళ్ళేటప్పుడూ బస్సే ఎక్కుతాడు. విద్యార్థి సంగతీ ఇంతే, గుమాస్తా సంగతీ ఇంతే. రోజూ ఒకే వేళకు వెళ్ళి, ఒకే వేళకు రాగలిగితేనే సీజన్ టిక్కెట్టు కొంటారు.

ఇక కోనసీమవారి మాట. అమలాపురం నుంచి ముక్తేశ్వరం దాకా బస్సు, రేవులో పంటు, అవతల కోటిపల్లిలో మళ్ళీ రైలు. మూడు చోట్ల దిగి ఎక్కాలి. సామాన్లతో, పిల్లలతో, ముసలివాళ్ళతో అది ఎంత అవస్థో చెప్పనక్కరలేదు. పంటు వేళకూ రైలు వేళకూ పొంతన పెట్టే బాధ్యత రైల్వేదా? రేవు పాటదారుదా? బస్సు డిపో మేనేజరుదా? ఎవరిదీ కాదు. ఎదుర్లంక వారధి మీదుగా ఒకే బస్సులో కూర్చుని కాకినాడలో దిగవచ్చు కదా అని జనం అనుకున్నారు. అనుకోరా మరి.

దరిమిలా రైలు బస్సులో జనం లేరని లెక్కలు తేలాయి. జనం లేరు గనుక ట్రిప్పులు పెంచలేదు. ట్రిప్పులు పెరగలేదు గనుక జనం రాలేదు. 1930లలో ఎం.ఎస్.ఎం. కంపెనీవారు వేసిన లెక్కే ఇది, కాగితం మాత్రమే కొత్తది. 2020లో కరోనాతో దేశమంతటా ప్యాసింజర్ రైళ్ళు ఆగినప్పుడు కోటిపల్లి బండీ ఆగింది. మిగతా చోట్ల ఒక్కొక్కటే మళ్ళీ పట్టాలెక్కాయి. ఇక్కడ మాత్రం ఏళ్ళ తరబడి పట్టాల సందున గడ్డి మొలిచింది. అందుకే, ఆపింది కరోనా అయినా, తిరిగి రానీయనిది మాత్రం ఆ పాత లెక్కేనని చెప్పాలి.

ఇందులో ఇంకో చోద్యం వుంది. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు రామచంద్రపురం డివిజన్‌ను కూడా అందులో కలిపారు. దాంతో గౌతమి దాటకుండానే కోనసీమ జిల్లాకు రైలు మార్గం, స్టేషన్లు దక్కాయి. కాగితం మీద జిల్లాకు రైలుంది. జిల్లా కేంద్రానికి లేదు. అసలు కోనసీమకు అసలే లేదు.

57 కిలోమీటర్లు, పాతికేళ్ళు

కోటిపల్లి, నరసాపురం మార్గం ఆలస్యానికి నిధులొక్కటే కారణమనడం తేలిక. నిజానికి ఇది దేశంలోని సులువైన మార్గాల్లో ఒకటేమీ కాదు. మూడు పెద్ద వంతెనలు కట్టాలి. అడుగున రాయి తగిలే నేల కాదిది, గోదావరి యుగయుగాలుగా తెచ్చి పోసిన ఒండ్రు. స్తంభం నిలవాలంటే పునాది చాలా లోతుకు దింపాలి. ఒడ్డెక్కాక కూడా నాలుగడుగులకో పంటకాలువ, మురుగుకాలువ. రైలుకట్ట ఎత్తుగా వేస్తే వర్షం నీరు ఎటు పోతుందన్నది పెద్ద ప్రశ్న. మురుగు పారక వరి మునిగే ఊళ్ళకు కట్ట మరో ఆనకట్ట కారాదు. తూములు ఎక్కువ పెట్టాలి, ఖర్చు పెరుగుతుంది.

నేల సేకరణ ఇంకో చిక్కు. ఇక్కడ సెంటు భూమి కూడా ఖాళీగా వుండదు. కొబ్బరి, దాని కింద అరటి, ఆ పక్కన వరి, గట్టున ఇల్లు. కొబ్బరిచెట్టు ఒకసారి నరికితే మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. రైలు కావాలని ఊరేగింపులో నడిచిన రైతే తన తోట మీదుగా రాళ్ళు పాతితే ఒప్పుకోలేడు. అది కపటం కాదు, కడుపు. ఇవ్వవలసిన ధర సకాలంలో ఇస్తే చాలా పేచీలు మొదట్లోనే తీరివుండేవి.

డబ్బు సంగతికొస్తే, వ్యయంలో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. ఢిల్లీ తన వంతు విదిలిస్తే రాష్ట్రం వాటా రాలేదనేవారు, రాష్ట్రం కదిలితే ఢిల్లీ కేటాయింపు చాలలేదనేవారు. అంచనా వ్యయం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు, 2 వేల కోట్ల రూపాయలు దాటింది. మూడు పాయల్లోనూ వంతెన స్తంభాలు లేచాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇక్కడ కొంత మార్చుకోవాలి. ఇద్దరు పూజారులు, తాళంచెవి చెరిసగం.

నడిపేవాడు ఎవరు?

పడమటి కనుమల్లో కొంకణ్ రైల్వే కథ చాలామందికి తెలిసినదే. 1990లో దాని కోసం ఒక ప్రత్యేక కార్పొరేషన్ పెట్టారు. కేంద్రంతో పాటు మహారాష్ట్ర, గోవా, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు వాటాదారులు. బాండ్లు అమ్మి డబ్బు తెచ్చారు. కొండలు, లోయలు, తొంభైకి పైగా సొరంగాలు, రెండువేల దాకా వంతెనలు, 740 కిలోమీటర్ల మార్గం. 1998 జనవరిలో పూర్తిగా తెరిచారు. కోనసీమ మార్గం దానిలో దాదాపు పదమూడో వంతు. కొంకణ్‌లో పనికి ఒక యజమాని వున్నాడు. ఆలస్యమైతే అడగడానికి ఒక తలుపు వుంది. ఇక్కడ తలుపులు చాలా వున్నాయి.

అలాగని కంపెనీ పెడితే చాలుననుకోవడమూ పొరపాటే. అదే కొంకణ్ సంస్థ రెండో లైను వేసుకోవడానికి డబ్బు చాలక, భారతీయ రైల్వేలో విలీనం కావడానికి వాటాదారు రాష్ట్రాలు ఒక్కొక్కటే ఒప్పుకున్నాయి. చివరగా మహారాష్ట్ర 2025లో సమ్మతించింది. కట్టడానికి పనికొచ్చిన ఏర్పాటు పెరగడానికి చాలలేదు.

చిన్న లైన్ల విషయంలో జపాన్ చేసిన పని మనకు మరింత దగ్గర. అక్కడి జాతీయ రైల్వే నష్టాల శాఖలను వదిలించుకోబోతే, ఆ జిల్లాలు, పురపాలక సంఘాలే వాటాలు వేసుకుని కంపెనీలు పెట్టాయి. వాటిలో మొదటిది 1984లో సముద్రతీరాన మొదలైన సాన్‌రికు రైల్వే. మన కోటిపల్లి బండిలాగే ఒంటిపెట్టె డీజిల్ బండ్లు. 2011 మార్చి 11న సునామీ ఆ తీరాన్ని, ఆ లైనును ఛిద్రం చేసింది. అయిదు రోజులకల్లా పట్టాలు మిగిలిన ఒక ముక్క మీద బండి నడిపారు, టిక్కెట్టు లేకుండా. మొత్తం లైను 2014 ఏప్రిల్ నాటికి తిరిగి తెరిచారు. లాభాల కోసం నడిచే బండి కాదది. ఊరు తనదనుకున్న బండి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను గుర్తున్నవారికి ఈ మాట ఎందుకు చెబుతున్నామో తెలుస్తుంది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా పడి ఊరికి ఊరికి మధ్య దారి తెగిపోయింది. ఎత్తైన కట్ట మీద మరో దారి వుంటే సహాయం కొంత ముందు అందేది. ఆ కట్ట కోసమే 2000లో మంజూరు వచ్చింది. ఆ రాత్రి పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

వస్తే ఏమిటి లాభం?

కొబ్బరి వర్తకం రైలెక్కుతుందని ఉపన్యాసాల్లో తరచు వింటాం. అంబాజీపేట మార్కెట్‌లో సరుకు లారీకెత్తితే అది ఉత్తరాదిన కొన్నవాడి కొట్టు ముందే దిగుతుంది. స్టేషన్ దాకా ఒక బండి, అక్కడ ఎగుమతి, అవతల దిగుమతి, మళ్ళీ ఒక బండి అంటే వర్తకుడు కలం పట్టుకుని కూర్చుంటాడు. పార్శిల్ సదుపాయం, గోదాము స్టేషన్‌లోనే వుంటే తప్ప లారీని వదలడు. ఇది ముందుగా ఆలోచించవలసిన విషయం.

మనుషుల విషయం అలా కాదు. హైదరాబాదు పోయే రాత్రి బస్సులు అమలాపురంలో ఎలా నిండుతాయో రోజూ చూస్తున్నదే. పండగ రోజుల్లో ప్రైవేటు బస్సు టిక్కెట్టు ధర చెప్పుకోవడం దేనికి. కువైట్‌కు, దుబాయికి ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళు ఈ లంకల నుంచి ఎందరో. విమానం ఎక్కేదాకా వాళ్ళ ప్రయాణమూ బస్సులోనే. నరసాపురం దాకా ఇప్పటికే జంట లైను, విద్యుదీకరణ వున్నాయి. హైదరాబాదు రైలు అక్కడి నుంచే బయలుదేరుతుంది. అదే బండి గంటా రెండు గంటలు ముందుగా అమలాపురంలో బయలుదేరితే చాలు, చాలామంది కళ్ళు మూసుకుని రైలే ఎక్కుతారు.

యాత్రికుల సంగతి ఎవరూ అంతగా చెప్పగా వినలేదు గాని, చిత్రమైనది. పంచారామాలు అయిదింటిలో అమరావతి ఒక్కటే దూరం. మిగిలిన నాలుగింటినీ వరుసగా చూడండి. సామర్లకోట కుమారారామం, ద్రాక్షారామం, పాలకొల్లు క్షీరారామం, భీమవరం సోమారామం. సామర్లకోట నుంచి కాకినాడ, కోటిపల్లి, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా భీమవరం దాకా ఒక రైలు నడిస్తే నాలుగు శివాలయాలూ ఆ ఒక్క దారి మీదే వస్తాయి. కార్తీకంలో ఆర్టీసీ పంచారామాల ప్రత్యేక బస్సులు నడుపుతుంది, అవి నిండుతాయి కూడా. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం చూడడానికి నరసాపురం, సఖినేటిపల్లి రేవులో పంటుల మీద కిక్కిరిసే జనం అదనం.

రైల్వేకు కూడా ఇందులో సొంత ప్రయోజనం వుంది. రాజమండ్రి దగ్గర ఏ ఆటంకం వచ్చినా, విశాఖ, విజయవాడల నడుమ రాకపోకలు అక్కడే బిగుసుకుంటాయి. ఈ మార్గం పూర్తయితే తీరం వెంట రెండో దారి ఏర్పడుతుంది. 2019లో ప్రకటించి, 2025 జనవరిలో విశాఖపట్నంలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన చేసిన దక్షిణ కోస్తా రైల్వేకు తన సొంత కోస్తాలో చూపుకోవడానికి ఇంతకంటే మంచి పని ఏముంది?

పట్టాలకు ముందు వేళలు

వంతెనలు పూర్తయ్యేదాకా చేయగలిగినది ఏమీ లేదని చేతులు ముడుచుకోనక్కరలేదు. కోటిపల్లి దాకా పట్టాలున్నాయి. పొద్దున్న ఉద్యోగాల వేళకు ఒకటి, మధ్యాహ్నం ఒకటి, చీకటి పడ్డాక తిరుగు బండి ఒకటి, ఇలా కచ్చితంగా నడిచే మూడు బండ్లు చాలు, ద్రాక్షారామం, రామచంద్రపురం జనం మళ్ళీ స్టేషన్ దారి పడతారు. ఆ వేళలకు సరిపడా ముక్తేశ్వరం రేవుకు అమలాపురం డిపో బస్సు రావాలి. పంటు దాన్ని అందుకోవాలి. కాకినాడలో దిగినవారికి సామర్లకోట వైపు బండి కాచుకుని వుండాలి. నిజాం రైల్వేవారు 1932లో చేసినది ఇంతకంటే ఏమీ కాదు. దీనికి వేలకోట్లు అక్కర్లేదు. ముగ్గురు అధికారులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక కాగితం మీద మూడు వేళలు రాసుకుంటే సరిపోతుంది.

అదే జరగనప్పుడు, రేపు నరసాపురం దాకా పట్టాలు పడ్డాక మాత్రం ఏం జరుగుతుందని అడగవలసి వస్తున్నది. 57 కిలోమీటర్ల మార్గం మీద కూడా రోజుకొక ఒంటిపెట్టె తిప్పి, జనం లేరని రాసుకుంటారా? అమలాపురంలో స్టేషన్ ఎక్కడ, రాజోలులో ఎక్కడ, ఊరికి ఎంత దూరం అన్న వాదాలు పత్రికల్లో చాలా వచ్చాయి. ఆ స్టేషన్‌లో రోజుకు ఎన్ని రైళ్ళు ఆగుతాయి, ఏ వేళకు ఆగుతాయి అన్న వాదం ఇంకా మొదలుకాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారేమో. వేళలు ముందే రాసుకోకపోతే ఏమవుతుందో కోటిపల్లి సోమలింగానికి తెలుసు, రెండుసార్లు చూశాడు.

ఇప్పటికి కోటిపల్లి రేవులో దారి పంటుదే. ఆఖరి ట్రిప్పు పోయాక వచ్చినవారు అవతల కనిపించే ముక్తేశ్వరం గట్టుకు చేరాలంటే యానాం చుట్టి, ఎదుర్లంక మీదుగా పోవలసిందే.